మాత్ర మధ్యలో గీత

మా అమ్మ ఉడికిన కోడిగుడ్డును కత్తితో కోసేది కాదు, దారంతో కోసేది. మా ఇంట్లో దారానికి ఏనాడూ కరువు లేదు. ఫాక్‌లాండ్ రోడ్డు వైపు ఉన్న ఒక కార్ఖానా నుంచి జీన్సు ప్యాంట్ల మూటలు తెచ్చుకుని, కుట్ల చివర వేలాడే దారాలు కత్తిరించి తిరిగి ఇవ్వడం ఆమె పని. ఆ ముక్కల్లోంచి పొడుగుది ఒకటి ఏరి, రెండు చేతుల మధ్య బిగించి, పొట్టు తీసిన గుడ్డు మీద పెట్టి లాగితే సరిగ్గా రెండు చెక్కలు. ఒకటి నాకు, ఒకటి చెల్లికి. ఇవాళ నేను ముందు ఎంచుకుంటే రేపు అది ముందు ఎంచుకోవాలి.

గుడ్డు ఒక్కటే కాదు. వడాపావ్, అరటిపండు, తలకు రాసుకునే నూనె, కిటికీ పక్కన పడుకునే వంతు, అన్నీ సగం సగమే. ముంబై కామాటిపురలో మా ఖోలీ, అంటే మా ఒంటి గది, పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. అందులో నలుగురం. సగం చేయకపోతే ఎవరికీ ఏదీ మిగలదు. ఆఖరికి మందులు కూడా అంతే. ఒకదానికి జ్వరం వస్తే రెండోదానికి కూడా అర గోళీ వేసేది అమ్మ, రేపు ఎట్లాగూ దీనికీ అంటుకుంటుంది కదా అని. గదికో సంసారం ఉండే మా చాళీలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. ఒక ఇంటికి వచ్చిన దగ్గు మందు సీసా గదుల ముందున్న గ్యాలరీ పొడుగునా నాలుగు ఇళ్ళు తిరిగి ఖాళీ అయ్యి ఇంటికి చేరేది.

“ఇద్దరు నాకు రెండు కండ్లు. ఒక కంట్ల సున్నం, ఒక కంట్ల వెన్న పెడ్తనా?” అనేది అమ్మ.

పెట్టదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా చూపు ఎప్పుడూ చెల్లి చెక్క మీదే ఉండేది. నేను కుళ్ళుబోతుదాన్ని. ఇది ఎవరో అన్న మాట కాదు, నేనే చెబుతున్నాను. ఇప్పటికీ పెళ్ళి భోజనానికి వెళితే పక్క ప్లేటులో ఏం పడిందో చూశాకే నా ప్లేటు చూసుకుంటాను.

చెల్లి నాకంటే రెండేళ్ళు చిన్నది. అందగత్తె. అది ఒప్పుకోవడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది గాని, గల్లీకి దాని మూడో ఏటే తెలిసిపోయింది. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్ళంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టేటప్పుడు దాన్ని ముందు నిలబెట్టేవారు. నేను పూలు పేర్చేదాన్ని. పాట అయిపోయాక వచ్చినవాళ్ళు అమ్మ దగ్గర ఆగి, “చిన్నది ఎంత చక్కగున్నది” అనేవారు. పెద్దది పూలు చక్కగా పేర్చిందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. తంగేడు పువ్వు ముంబైలో దొరకదు. దాదర్ దాకా పోయి బంతిపూలు తెచ్చి, కాడలు సమంగా తుంచి పేర్చడం ఎంత పనో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

పన్నెండో తరగతి అయ్యాక అది కాస్త ఒళ్ళు చేసింది. నాకు పండగే. నిరుటి జాకెట్టు పట్టక హుక్కులతో కుస్తీ పడుతుంటే వెనక నిలబడి, “డ్రమ్ము లెక్కయినవ్ గదనే” అన్నాను. నవ్వుతూనే అన్నాను. అదీ నవ్వింది. ఆ నవ్వు గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అది పూటలకు పూటలు తినడం మానేసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం చేతికి దొరికిందల్లా తినేసేది. పొద్దుటి అన్నం, పావ్‌లు, డబ్బాలో బెల్లం. తిన్నాక గ్యాలరీ చివర సండాస్‌కి వెళ్ళి వాంతి చేసుకునేది. అంతస్తు మొత్తానికి మూడే సండాసులు, వాటి ముందు ఎప్పుడూ క్యూ. అక్కడ రహస్యమనేది ఉండదు. ముందుగా విన్నది పక్క ఖోలీ పెద్దమ్మ. ఆమెకు డెబ్బయ్యేళ్ళు, చెవులకు మాత్రం ఇరవయ్యే.

“నీ చిన్నబిడ్డ రోజు కక్కుతున్నది. జర చూస్కో,” అంది అమ్మతో, నేను నల్లా దగ్గర బిందె నింపుతుండగా.

పెళ్ళికాని పిల్ల వాంతి చేసుకుంటే చాళీలో అందరికీ ఒకటే అర్థం. రెండు రోజుల్లో ఆ అర్థం మెట్లు దిగి కింది అంతస్తుకు చేరింది. చెల్లి అట్లాంటిది కాదని నాకు తెలుసు. అయినా ఎవరు గుచ్చి అడిగినా “నాకేం తెల్వదు” అన్నాను. అందరూ మెచ్చుకున్న చక్కదనం నలుగురి నోళ్ళలో నానుతుంటే నాకు లోపల హాయిగా ఉండింది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఇక్కడ అబద్ధం రాస్తే ఇంకా సిగ్గు.

ఒకరోజు పొద్దున నీళ్ళ లైనులోనే అది కళ్ళు తిరిగి పడిపోయింది. గల్లీ చివర క్లినిక్కు డాక్టరు దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాడు. ఏం చెప్పిందో మాకు తెలియదు. పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే విభాగానికి చీటీ రాసిచ్చాడు. అమ్మ టాక్సీ పిలిచింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు బస్సులో తీసుకెళ్ళిన మనిషి. టాక్సీ ఎక్కుతూ నేను ఆ మాటే తలచుకున్నాను, చెల్లి పెదాలు తెల్లగా ఉన్న సంగతి కాదు.

అమ్మ పెళ్ళయి మహబూబ్‌నగర్ పల్లె నుంచి వచ్చింది. బజారు హిందీ బాగానే వచ్చు, కూరగాయలవాణ్ణి ఓడించి వస్తుంది. డాక్టర్ల హిందీ అంటే మాత్రం నా మొహం చూస్తుంది. నాయన టైల్స్ పని మీద ఊరి చివరి సైట్లలోనే ఉండి ఆదివారాలు వచ్చేవాడు. కాబట్టి ఇంటికి దుబాసీని నేనే. చెల్లికి నాకంటే మంచి హిందీ వచ్చు, కానీ తన జబ్బు తానే తర్జుమా చేసుకోమని ఎవరంటారు?

డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక ఉన్నది. చెల్లితో విడిగా చాలాసేపు మాట్లాడాక మమ్మల్ని లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఇది పొగరు కాదు, వేషం కాదు, మీరు భయపడుతున్నది అసలే కాదు. తిండి చుట్టూ మనసు చిక్కుపడిపోయే జబ్బు. వారం వారం వచ్చి ఇక్కడ ఒకామెతో కూర్చుని మాట్లాడాలి. మూడు పూటలా వేళకు తినాలి, తిన్న తర్వాత గంటసేపు ఎవరైనా పక్కన ఉండాలి. వీటితో పాటు రోజూ పొద్దున ఒక మాత్ర. ఆ మాత్ర బరువు పెంచడానికో తగ్గించడానికో కాదు. ఉన్నదంతా తినేయాలనే తొందరనీ, తిన్నది బయటికి పంపేయాలనే తొందరనీ కాస్త నెమ్మదిస్తుంది. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. మాత్ర ఒక్కటే నయం చేయదు. కానీ అది తోడు లేకపోతే మిగతావి చేయడం ఈ అమ్మాయికి ఇప్పుడు చాలా కష్టం.

“ఏమంటున్నది?” అంది అమ్మ.

నేను చెల్లి వైపు చూశాను. అది నేల చూపు చూస్తోంది. మనసు జబ్బంటే అమ్మకు పిచ్చి అనే అర్థం, అక్కడే కూలబడి ఏడుస్తుందని భయమేసింది. అది ఒక కారణం. రెండోది కూడా చెప్పేస్తాను. ఇంత ప్రత్యేకమైన జబ్బు, డాక్టరమ్మ అంతసేపు కూర్చుని చెప్పేంత జబ్బు చెల్లికి ఉందని నా నోటితో ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. దాని మెడలో ఇంకో నగ నేనే వేస్తున్నట్టు అనిపించింది.

“ఒంట్ల బలం లేదంట. వేళకు తినాలంట. తిన్నంక గంట సేపు ఎవరన్న పక్కకు కూసోవాలంట. వారం వారం చూపెట్టాలంట. పొద్దున ఒక బలం గోళీ,” అన్నాను.

చెల్లి తలెత్తి నన్ను ఒక్క క్షణం చూసింది. మళ్ళీ దించుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గంట అనేది మొదలైంది. చెల్లి తినగానే అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకునేది. ఒక చేత్తో దాని నుదురు సవరిస్తూ, రెండో చేత్తో కత్తెర ఆడిస్తూ దారాలు కత్తిరించేది. గంటంటే గంటే, మూడు పూటలా. ఆ గంటలో గిన్నెలు నావి, బిందెలు నావి, ప్యాంట్లు మడతపెట్టి మూట కట్టడం నాది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. దానికి అడక్కుండానే అన్నీ దొరుకుతున్నాయి. నేను గోడకు ఆనుకుని ప్యాంట్లు మడుస్తూ, ఆ ఒడిలో ఎంత చోటుందో చూసేదాన్ని. దాని తల ఒకటి పడితే ఇంకేమీ పట్టదు.

నాలుగో రోజు పొద్దున అమ్మ ఒకే గుడ్డు ఉడికించింది. పొట్టు తీసింది. దారం తియ్యలేదు. మొత్తం గుడ్డు చెల్లి ప్లేటులో పెట్టింది.

చెల్లి ఆ గుడ్డును చూసి బెదిరిపోయింది. నిజానికి అది దానికి శిక్ష. నా కళ్ళకు మాత్రం పట్టాభిషేకంలా కనిపించింది.

“నేనేమన్న పక్కింటిదాన్నా? కక్కుకుంటెనే గుడ్డు పెడ్తవా? అట్లయితె రేపటి సంది నేను గూడ కక్కుత,” అన్నాను. గ్యాలరీకి వినిపించేట్టే అన్నాను.

అమ్మ మొహం మాడిపోయింది. ఆమెను ఏ మాటయినా అనొచ్చు గాని ఒక కంట్లో సున్నం పెట్టావని మాత్రం అనకూడదు. దారం తీసి గుడ్డు కోసింది. ఒక చెక్క నా ప్లేటులో వేసింది. తర్వాత మాత్రల పట్టీలోంచి ఒక మాత్ర అరచేతిలోకి నొక్కి, కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లటి చిన్న మాత్ర. మధ్యలో నిలువునా ఒక గీత.

“ఇగో చూడు. కంపెనీవాళ్ళే గీత గీసి ఇచ్చిండ్రు, ఇంట్ల ఇద్దరుంటరని. నువ్వు గూడ బక్కగనే ఉన్నవ్. బలం ఇద్దరికి గావాలె,” అంది.

రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి విరిచింది. సరిగ్గా గీత మీదే విరిగింది.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆసుపత్రిలో ఆడిన అబద్ధం బయటపడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, అమ్మ చేతిలో ఉన్నది నా వాటా. నా వాటాను నేను జన్మలో వదిలినదాన్ని కాదు. చేయి చాపాను. చెల్లి తన సగం నాలుక మీద పెట్టుకుని, నన్నే చూస్తూ నీళ్ళు తాగింది.

అట్లా రెండు నెలలకు పైగా నడిచింది. పొద్దున్నే ఇద్దరం చేతులు చాపేవాళ్ళం, అమ్మ విరిచి చెరొకటి వేసేది, నీళ్ళ గ్లాసు పట్టుకుని ఇద్దరి ముందూ నిలబడేది. ఆ నిలబడటం నాకు ఎంత ఇష్టమో. మందు మాత్రం నాకు పడలేదు. పొద్దున్నే వికారం, నాలుక ఎండిపోవడం, కలత నిద్ర. దానికి పడి నాకు పడలేదంటే మందులో కూడా నాకు అన్యాయమే జరిగిందనుకున్నాను. ఒకటి రెండు సార్లు మానేద్దామనిపించింది. మానేస్తే మొత్తం దానికే పోతుంది కదా అని మింగాను.

దానికి పనిచేస్తోందని నేననుకున్నది కూడా ఒట్టి మాటే. వారం వారం వెళ్ళి మాట్లాడి వచ్చేది. వచ్చిన రోజు కాస్త తేలికగా ఉండేది, రెండో రోజుకు మళ్ళీ మొదటికి వచ్చేది. అమ్మ కూరగాయలకని కిందికి దిగితే చాలు, గ్యాలరీ చివరికి నడిచేది. వాంతులకు బుగ్గలు ఉబ్బాయి. దువ్వెన నిండా జుట్టు. అమ్మ ఎండుమిర్చీ ఉప్పూ తిప్పి దిష్టి తీసింది. మిరపకాయలు ఘాటు రాకుండా కాలాయని, దిష్టి గట్టిదేనని పెద్దమ్మ తేల్చింది. నేను పక్కనే కూర్చుని ఆ మాటలు వింటూ, దిష్టి ఎవరిదో నాకు తెలుసనుకున్నాను. ఆ దువ్వెన చూసిన నాడే నాకు విషయం పూర్తిగా అర్థమైంది. రోజుకు ఒక మాత్ర ఖర్చవుతోంది, దాని కడుపులోకి సగమే వెళ్తోంది. మర్నాడు పొద్దున మళ్ళీ చేయి చాపాను.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రక్త పరీక్ష కాగితం రెండుసార్లు చదివింది. వాంతుల వల్ల ఒంట్లో లవణాలు బాగా పడిపోయాయి, ఇట్లాగే సాగితే గుండె ఆగిపోవచ్చు, ఇవాళే వార్డులో చేర్చుకోవాలి అంది. ఇన్ని వారాలైనా మందు ప్రభావం ఇసుమంతైనా లేకపోవడం తనకు వింతగా ఉందంది. రోజూ తప్పకుండా వేస్తున్నారా అని అమ్మ వైపు చూసి అడిగింది.

నేను అమ్మను తెలుగులో అడిగాను. అమ్మ సంచీలోంచి ఖాళీ పట్టీలన్నీ తీసి బల్ల మీద పరిచింది. ఒక్కటి కూడా పారేయకుండా దాచింది.

“ఒక్కనాడు తప్పలే అని చెప్పు. నా చేతుల్తోని నేనే ఇస్తున్న, ఇద్దరికి,” అంది.

నేను హిందీలోకి మార్చి చెప్పాను. చివరి మాట ఒక్కటి మింగేశాను.

డాక్టరమ్మ తలూపింది. సరే, ఈ మందు ఈ అమ్మాయికి పనిచేయడం లేదన్నమాట, ఇది ఆపి వేరేది మొదలుపెడదాం, అది కొంచెం గట్టిది అంటూ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను కూర్చున్నాను. కక్కలేక మింగలేక అని మనం ఊరికే అనేస్తుంటాం. ఆ మాట చెల్లికి ప్రతి పూటా ఎట్లా ఉండేదో ఆ కుర్చీలో నాకు కాస్త తెలిసింది. చెల్లి అమ్మ భుజానికి ఆనుకుని ఉంది. దాని మణికట్టు అమ్మ గుప్పిట్లో ఉంది. నాకు అప్పుడు కూడా ఆ గుప్పిట మీద కుళ్ళే. కానీ ఆ మణికట్టు రేపు ఉండకపోతే నేను ఎవరి మీద కుళ్ళుకోవాలి?

“సగం నేను మింగుతున్నాను,” అన్నాను హిందీలో.

కలం ఆగింది. ఆమె కేకలేయలేదు. ఎప్పటి నుంచి, ఏమైనా ఇబ్బంది ఉందా, ఎందుకు అని వరసగా అడిగింది. మొదటి రెండింటికి జవాబు చెప్పాను. మూడోది విని చెల్లి వైపు చూశాను. రాసిన కాగితం చించేసి కొత్తది తీసుకుంది. తర్వాత నాతో విడిగా మాట్లాడతానంది. అంతకు ముందు ఒక పని చేయమంది.

“మొదటి రోజు నేను చెప్పిందంతా మీ అమ్మకు మీ భాషలో చెప్పు. ఈసారి మొత్తం.”

చెప్పాను. బలం గోళీ కాదమ్మా అని మొదలుపెట్టాను. జబ్బేమిటో, మాత్ర ఎందుకో, ఒక్కరికి ఒక పూర్తి మాత్ర అని డాక్టరమ్మ అన్నదీ, నేను దాచిందీ చెప్పాను. జాకెట్టు రోజున డ్రమ్ము అన్న సంగతి కూడా చెప్పాను, ఆ మాట వల్లే ఇదంతా వచ్చిందా అని డాక్టరమ్మను అడిగాను. ఒక్క మాటతో ఇంత జబ్బు రాదు అంది. అయినా ఇక మీదట అట్లాంటి మాటలు అనకు అంది.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. బల్ల మీద పరిచిన పట్టీలను ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచీలో వేసుకుంది.

“గీత ఉండె గద బిడ్డా,” అంది.

చెల్లిని వార్డులో ఐదు రోజులు ఉంచుకున్నారు, అమ్మ దాని దగ్గరే ఉండిపోయింది. ఖోలీ మొత్తం నాదయింది. కిటికీ పక్క చోటు నాది, ఫ్యాను నాది, నూనె సీసా నాది. చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది అదే. రెండో రోజు గుడ్డు ఉడికించుకుని, అలవాటు కొద్దీ దారం తీసి రెండు చేశాను. ఒక చెక్క తిన్నాను. రెండోది ప్లేటులో అట్లాగే ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు ఏడ్చి, చివరికి తీసుకెళ్ళి పక్క ఖోలీ పెద్దమ్మకు ఇచ్చాను.

“మీ చిన్నదానికి ఏమైందే? ఇప్పుడన్న నిజం చెప్పు,” అంది పెద్దమ్మ.

“కడుపు గాదు పెద్దమ్మా. తిండి మీద వచ్చే మనసు జబ్బు. దవఖానల మందులు నడుస్తున్నయ్. నువ్వు అందరికి చెప్పు,” అన్నాను.

ఆ పనికి ఆమెను మించినవాళ్ళు లేరు. సాయంత్రానికి కింది అంతస్తుకు కూడా చేరిపోయింది.

చెల్లి ఇంటికి వచ్చాక అడిగాను. నేను ఆసుపత్రిలో తప్పు చెప్పినప్పుడు విన్నావు, మాత్ర విరుస్తుంటే చూశావు, ఒక్క మాటయినా ఎందుకు అనలేదని. మామూలుగా మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం. అది తెలుగులో జవాబిచ్చింది, దారాలు కత్తిరిస్తున్న అమ్మకు కూడా వినిపించాలనేమో.

“చెప్దామనుకున్న అక్కా. కని నువ్వు గూడ మింగుతుంటె, నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని గాను అనిపిస్తుండె.”

నేను దాని వాటా లాక్కుంటున్నాననుకున్నాను. అది నన్ను తోడనుకుంది.

ఆ తర్వాత రోజూ పూర్తి మాత్ర. కొన్ని వారాలు ఏమీ తెలియలేదు. తర్వాత ఒకరోజు పప్పన్నం తిని, గంట దాటిపోయినా గమనించకుండా సీరియల్లో కోడలిది తప్పా అత్తది తప్పా అని నాతో వాదించింది. అమ్మ నా వైపు చూసింది. నేను కోడలి తరఫున ఇంకాస్త గట్టిగా వాదించాను. అది మాత్ర ఒక్కదాని పని కాదు. వారం వారం ఆసుపత్రిలో మాట్లాడించే ఆమెతో కూర్చుని ఏడ్చి వచ్చినందుకు కొంత, అమ్మ ఒడి కొంత. మధ్యలో రెండుసార్లు మళ్ళీ వెనక్కి జారింది. ఒకసారి డాక్టరమ్మ మోతాదు మార్చింది. గ్యాలరీలో ఎవరో “ఇంకెన్నేండ్లు మింగుతది ఆ పిచ్చి గోళీలు” అంటే, “నువ్వు సుగర్ గోళీ బంద్ చేసినవా?” అని అమ్మే అడిగింది. నేను ఆ విషయంలో కూడా కాస్త ఉడుక్కున్నాను, నా తరఫున అమ్మ అట్లా ఎవరితోనూ పోట్లాడలేదు.

ఒకటి మాత్రం మారింది. ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచి అమ్మ దారంతో గుడ్డు కోయడం మానేసింది. రెండు గుడ్లు ఉడికించి చెరొకటి పెట్టేది, లేదంటే అసలు గుడ్డే తెచ్చేది కాదు. మొత్తం గుడ్డు నా ప్లేటులో పడ్డ ప్రతిసారీ నాకు చెంప మీద తగిలినట్టే ఉండేది.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఈ ఏడు వానలు మొదలైన నెలలో డాక్టరమ్మ చెల్లితో, నువ్వు చాలా రోజులుగా నిలకడగా ఉన్నావు, ఇక మెల్లగా మాత్ర తగ్గిద్దాం అంది. ఒక్కసారిగా ఆపకూడదట. ముందు కొన్ని వారాలు రోజుకు సగం. దుబాసీతనం ఎప్పుడో చెల్లికే అప్పజెప్పాను. అదే అమ్మకు తర్జుమా చేసి చెప్పింది. అమ్మ సగం అనే మాట దగ్గర ఆగిపోయింది.

“ఇంకోసారి అడుగు,” అంది. చెల్లి అడిగింది. డాక్టరమ్మ నవ్వి, అవును, సగమే, గీత అందుకే ఉంది అంది.

మర్నాడు పొద్దున అమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. బొటనవేళ్ళు గీతకు అటూ ఇటూ ఆనించింది. విరవలేదు. మళ్ళీ ఆనించింది.

“నాతోని గాదు. నువ్వు విరువు,” అని నా చేతిలో పెట్టింది.

విరిచాను. చిన్న చప్పుడు. ఒక ముక్క చెల్లి చేతిలో వేశాను. రెండోది నా అరచేతిలో ఉండిపోయింది. అమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి, నా చేతి వైపే చూస్తోంది.

“మరి ఆ సగం?” అంది.

“దానిదేనమ్మా. రేపటిది,” అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ ముక్కను చిన్న స్టీలు డబ్బీలో వేస్తుంటే కూడా నాలో కొంచెం కుళ్ళు పుట్టింది. రేపు పొద్దున మళ్ళీ అమ్మ గ్లాసు పట్టుకుని దాని ముందే నిలబడుతుంది. నిలబడనీ అనుకుని మూత గట్టిగా పెట్టాను.